చెప్పని మాట

అలంకార శాస్త్రంలో పర్యాయోక్తమని ఒకటుంది. చెప్పదలచినదాన్ని సూటిగా చెప్పక, మరో దారిన స్ఫురింపజేయడం. ఏటా ఈ పాఠానికి కావ్యాలలోంచే ఉదాహరణలు ఇచ్చేవాణ్ణి. ఈమధ్య ఒకటి రాజ్యాంగంలో దొరికింది. మనది కాదు, అమెరికా వారిది.

1787 వేసవిలో 55 మంది ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో సమావేశమై దాన్ని తయారుచేశారు. సామాన్యులు కారు, బాగా చదువుకున్నవాళ్ళు. ప్రజల సమ్మతే ప్రభుత్వానికి పునాది అన్న భావం ఇంగ్లండువాడైన జాన్ లాక్ రచనల్లో చదివారు. శాసనం చేయడం, అమలు జరపడం, తీర్పు చెప్పడం ఒకే చేతిలో ఉండరాదన్నది ఫ్రెంచి పండితుడు మాంటెస్క్యూ 1748లో వెలువరించిన గ్రంథంలోది. ఇక రోము చరిత్ర వాళ్ళకు కరతలామలకం. సెనేట్ అన్న పేరే అక్కణ్ణించి తెచ్చుకున్నారు.

ఇంత తెలిసినవాళ్ళూ ఒక్క మాట దగ్గర నీళ్ళు నమిలారు. ఆ మాట 'బానిస'.

1790 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో బానిసలు దాదాపు 7 లక్షలు. వాళ్ళకు ఓటు లేదు. కాని తమకు సభలో ఎక్కువ స్థానాలు రావాలంటే వాళ్ళనూ జనాభాలో కలపాలన్నారు దక్షిణ రాష్ట్రాలవారు. చివరకు అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టి రాజీపడ్డారు. రాసేటప్పుడు మాత్రం 'ఇతర వ్యక్తులు' అన్నారు. పారిపోయినవాణ్ణి యజమానికి అప్పగించాలన్న చోట, పనికి కట్టుబడిన వ్యక్తి అన్నారు. 1808 వరకూ బానిసల దిగుమతిని కాంగ్రెసు నిషేధించరాదన్న చోట కూడా ఆ మాట కనబడదు.

మనిషి ఆస్తి కాగలడన్న భావాన్ని రాజ్యాంగంలోకి రానివ్వడం తప్పని మాడిసన్ ఆ సభలోనే అన్నాడు. ఆయనకూ బానిసలున్నారు!

ఇదంతా తరగతిలో చెబితే ఒక కుర్రవాడు లేచి, "రాయడానికి సిగ్గుపడ్డారంటే, తప్పని తెలిసిందనే కదండీ మాస్టారూ! అంతవరకు మేలే కదా?" అన్నాడు. గంట కొట్టేశారు గనుక బతికిపోయాను. నిజానికి జవాబు తోచలేదు.

ఇంటికి వచ్చి మళ్ళీ పుస్తకం తీశాను. నాలుగేళ్ళ అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా ప్రాణాలు పోయాక, 1865లో, పదమూడవ సవరణలో బానిసత్వమన్న మాట మొదటిసారి ఆ రాజ్యాంగంలోకి వచ్చింది. దాన్ని రద్దు చేయడానికి పేరు పెట్టి పిలవక తప్పలేదు.

మర్నాడు ఆ కుర్రవాడితో అన్నాను: "సిగ్గుపడ్డమాట నిజమేనోయ్. కాని ఆ సిగ్గు 78 ఏళ్ళు మాట దగ్గరే ఆగిపోయింది."