మొహం హీరోది... పరుగు డూప్‌ది!

మొన్న ఆదివారం పొద్దున్నే విజయవాడ నుంచి మా అక్కయ్య ఫోను.

"ఒరేయ్, నీ మేనల్లుడు వాళ్ళ నాన్న కారు కోయించేస్తానంటున్నాడు. నువ్వొచ్చి నాలుగు చివాట్లు పెడతావా, నన్ను వెళ్ళి కృష్ణలో దూకమంటావా?"

"కోయించడమేమిటక్కయ్యా, అది కారా మేకా?" అన్నాను.

"అదేదో ముందు చక్రాల బండిట. వెనక చక్రాల బండిగా మారుస్తాడట. మార్చి రేసులాడతాట్ట!" అంది. అని, సినిమాల్లో తల్లి పాత్రలా ముక్కు చీదింది.

సినిమా కబుర్లు రాసుకునేవాడికి చక్రాల గొడవేమిటని మీరు అడగొచ్చు. ఉంది. ఆ గొడవలో డూప్ ఉన్నాడు, విలన్ వ్యాన్ ఉంది, తండ్రి సెంటిమెంటుంది. వారం సరుక్కి ఇంతకంటే ఏం కావాలండీ!

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. మారుతీ 800. మా బావ 1992లో కొన్నాడు. బావది గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఉద్యోగం. రీలు పెట్టెలు హాళ్ళకి చేర్చడం, కలెక్షన్ల లెక్క చూడటం ఆయన పని. బస్సు తప్పిందంటే పెట్టెలు ఈ కారు వెనక సీట్లోకి ఎక్కేవి. ఆ ఇనప పెట్టెల అంచులు గీరుకుని సీటు వెనక రేకు మీద పడ్డ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. బావ పోయి నాలుగేళ్ళయింది. గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.

మేనల్లుడికి ఇరవై మూడేళ్ళు. మెకానికల్ డిప్లొమా చదివాడు, చెయ్యి మంచిది. 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' ఎన్నిసార్లు చూశాడో వాడికే లెక్క తెలీదు. స్టేషన్లో నా పెట్టె అందుకుంటూనే మొదలుపెట్టాడు.

"మావయ్యా, ముందు చక్రాలతో డ్రాగ్ రేసు గెలవలేం. నువ్వైనా అమ్మకి చెప్పు."

"ముందు నాకు చెప్పరా. తర్వాత మీ అమ్మ సంగతి చూద్దాం" అన్నాను.

వాడు చెప్పింది నాకర్థమైనట్టుగా మీకు చెప్తాను.

డ్రాగ్ రేసంటే మలుపుల్లేని రేసు. తిన్నటి దారిలో రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. దీపాల స్తంభం మీద పచ్చదీపం వెలగ్గానే బయల్దేరాలి. పాత లెక్క ప్రకారం పావు మైలు, అంటే 402 మీటర్లు. ముందు గీత దాటినవాడిదే గెలుపు. ఆట మొత్తం మన హాల్లో ఒక స్లైడు వేసి తీసేంతసేపు!

అందుకని మొదటి లంఘింపే ప్రాణం. సిటీ బస్సు డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలితే నిలబడ్డవాళ్ళంతా వెనక్కి తూలుతారు కదా! కారు బరువూ అంతే. వెయ్యి కిలోల కారుందనుకోండి. నిలబడ్డప్పుడు ముందు చక్రాల మీద 600 కిలోలు, వెనక చక్రాల మీద 400 ఉన్నాయనుకోండి. మంచి రేసు టైర్లేసుకుని గట్టిగా దూకితే ఓ 200 కిలోలు ముందు నుంచి వెనక్కి పోతాయి. అప్పుడు ముందు 400, వెనక 600. బరువున్న చక్రానికే నేల మీద పట్టు. ఇంజన్ బలమంతా ముందు చక్రాలకి ఇచ్చారంటే, పట్టు అవసరమైన ఘడియలోనే అది జారిపోతుంది. చక్రం తిరుగుతుంది, పొగ లేస్తుంది, కారు మాత్రం కదలదు. కొందరు కొత్త హీరోల డాన్సు మీరు చూళ్ళేదూ!

ముందు చక్రాలతోనూ డ్రాగ్ ఆడేవాళ్ళు ఉన్నారు, లేకపోలేదు. పెద్ద టైర్లు ముందు తగిలించి, కారు వెనక్కి కూలబడకుండా తోకకి పొడుగాటి కడ్డీలు కడతారు. కానీ బలం పెరిగేకొద్దీ వెనక చక్రాలదే సుఖమని అమెరికాలో ఏనాడో తేలిపోయింది.

ఇక్కడే డూప్ వస్తాడు. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం నడిపే పోటీల్లో 'ప్రో స్టాక్' అని ఒక తరగతుంది. డారెల్ ఆల్డర్‌మన్ అనే డ్రైవరు 1990, 1991లో డాడ్జ్ డేటోనాతో ఛాంపియనయ్యాడు. గ్రెగ్ యాండర్సన్ 2003, 2004లో పాంటియాక్ గ్రాండ్ యామ్‌తో అయ్యాడు. ఆ రెండు కార్లూ షోరూంలో కొంటే ముందు చక్రాల బళ్ళు. సంసారపక్షంగా ఆఫీసుకి వెళ్ళొచ్చే కార్లు. రేసులో పరిగెత్తినవి వెనక చక్రాలవి! లోపల ఇనప గొట్టాలతో కట్టిన అస్థిపంజరం, 500 ఘనపుటంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజన్, అంటే దాదాపు 8.2 లీటర్లు. మన మారుతీ 800 ఇంజన్లు పది కలిపినా అంత కాదు. పైన మాత్రం జనం గుర్తుపట్టే మొహం. పోస్టరు మీద హీరో, అద్దాలు పగలగొట్టుకు దూకేది డూపు. మనకి కొత్తా ఏమిటి?

మధ్యాహ్నం భోంచేసి ఇద్దరం ఆటోనగర్ వెళ్ళాం. అక్కడ మావాడికి గురువులాంటి మేస్త్రిగారొకరున్నారు. లారీల దగ్గర నుంచి కార్లదాకా ఆయన చెయ్యి పడని బండి లేదు. మేం వచ్చిన పని విని బానెట్టెత్తారు.

"చూశారా సార్, ఈ ఇంజన్ అడ్డంగా ఉంది. గేర్‌బాక్సూ, చక్రాలకి బలం పంచే పళ్ళూ అన్నీ దీని పక్కనే. అందుకే కారు ఇంత పొట్టిగా ఉన్నా నలుగురు కూచోగలుగుతున్నారు. వెనక చక్రాలు తిప్పాలంటే ఇంజన్ని నిలువుగా పెట్టుకోవాలి. గేర్‌బాక్సు పట్టడానికి ముందు గోడ కోయాలి. అక్కణ్ణించి వెనక దాకా షాఫ్టు పోవడానికి ఫ్లోరు మధ్యలో సొరంగం చెయ్యాలి. వెనక కొత్త హౌసింగు, కొత్త స్ప్రింగులు. పెట్రోలు ట్యాంకు చోటు మార్చాలి."

"మరి ఆ సామానంతా ఎక్కణ్ణించి వస్తుందండీ?" అన్నాను.

మేస్త్రిగారు నవ్వారు. "ఓమ్నీ వ్యాన్ ఉందిగా సార్! అదే 796 సీసీ, అదే మూడు సిలిండర్లు. కానీ దాన్లో ఇంజన్ నిలువు. తిరిగేవి వెనక చక్రాలు."

నేను తెల్లబోయాను. ఓమ్నీ అంటే మన సినిమాల్లో హీరో చెల్లెల్ని ఎత్తుకుపోయే మారుతీ వ్యానండీ! పక్క తలుపు జర్రున జరగడం, అమ్మాయిని లోపలికి లాగడం... అంతకంటే దాన్ని నేనెప్పుడూ తెలివిగా చూళ్ళేదు. సంసారి కారుకి విలన్ వ్యాన్ వెన్నెముకన్నమాట!

"అయితే ఆ ఇంజన్‌తో రేసులో నిలబడలేం. జిప్సీ 1298 సీసీ ఇంజన్ వెయ్యాలి. అప్పుడు వెనక హౌసింగూ జిప్సీదే మేలు. అది ఈ బండికి వెడల్పెక్కువ. రెండువైపులా కోసి పొట్టి చెయ్యాలి. లావు టైర్లు పట్టాలంటే లోపల రేకు కూడా కోసి పెట్టెలు కట్టాలి" అన్నారాయన.

"ఎక్కడి రేకు?"

ఆయన వెనక తలుపు తీసి, సీటు వెనక వేలు పెట్టి చూపించారు. సరిగ్గా బావ పెట్టెల గీతలున్న చోట.

మేనల్లుడు అటు చూళ్ళేదు. నేను చూశాను.

మేస్త్రిగారు ఇంకో మాట చెప్పారు. జీపుకి కింద విడిగా ఛాసిస్ ఉంటుంది, పైన బాడీ తీసేసినా బండి నిలబడుతుంది. మారుతీకి అలా వేరే ఛాసిస్ లేదు. ఫ్లోరూ, గోడలూ, పైకప్పూ కలిసే ఎముకలు. ఫ్లోరు కోశామంటే ఎముకలు కోసినట్టే. అందుకని లోపల గొట్టాలతో పంజరం కట్టాలి. అది లేకుండా పల్టీ కొడితే డ్రైవరు ప్రాణానికి పూచీ లేదు.

"ఇంతకీ చివరికి ఈ కారులో మిగిలేదేమిటండీ?" అనడిగాను.

ఆయన వేళ్ళు లెక్కపెట్టారు. "టాపు, నాలుగు డోర్లు, ముందు మొహం. బరువు తగ్గించాలంటే డోర్లు కూడా ఫైబరువి వేసుకోవచ్చు."

టీ తాగుదామని బయటికొచ్చాం. అప్పుడడిగాను. "ఒరేయ్, ఇంత కష్టపడి కట్టి ఎక్కడ నడుపుతావురా?"

వాడు నసిగాడు. "ముందు... రాత్రిళ్ళు బైపాస్ మీద ట్రయల్... ఫ్రెండ్సందరూ..."

నాకు గుండె జారింది. చివాట్లు పెట్టలేదు. ఒక కథ చెప్పాను.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కాలిఫోర్నియాలోనూ కుర్రాళ్ళు ఇలాగే పాత కార్లు కోసి, రాత్రిళ్ళు రోడ్ల మీద పందేలాడేవాళ్ళు. ఆ పందేల్ని రోడ్ల మీంచి తప్పించి, రూలూ రక్షణా ఉన్న చోటికి తేవాలని వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెట్టాడు. ఆయన మావాడేనండోయ్, 'హాట్ రాడ్' పత్రిక ఎడిటరు! ఆ రోజుల్లో వాళ్ళ రేసులకి దొరికిన చోట్లలో విమానాల రన్‌వేలే ముఖ్యం. మద్రాసు దగ్గర షోలవరంలోనూ అంతే. యుద్ధకాలంలో వేసిన రన్‌వే మీదే రేసులు జరిగేవి. కోడంబాక్కంలో పనిచేసే రోజుల్లో నేనూ ఎండలో నిలబడి ఫియట్లూ హెరాల్డులూ పరిగెత్తడం చూసినవాణ్ణే. అవన్నీ వెనక చక్రాల బళ్ళేనని మాత్రం అప్పుడు నాకు తెలీదు.

"ట్రాకు మీద కూడా మృత్యువు ఊరుకోదురా" అన్నాను. 2008 జూన్‌లో న్యూజెర్సీలో ఇంగ్లిష్‌టౌన్ ట్రాకు మీద స్కాట్ కలిటా అనే పేరుమోసిన డ్రైవరు పోయాడు. పంజరం, ఫైర్ సూటు, పారాచూటు అన్నీ ఉన్న చోట! ఆ తర్వాతే అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ల పరుగుని 1320 అడుగుల నుంచి వెయ్యి అడుగులకి తగ్గించారు. అలాంటి చోటే అలా అయితే, లారీలూ, సైకిళ్ళూ, ఎదురొచ్చే బళ్ళూ ఉన్న బైపాస్ సంగతేమిటి? పైగా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రోడ్డు మీద రేసాడటం నేరం. 52వ సెక్షన్ చూస్తే, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇంతలా మార్చేసిన బండి రోడ్డెక్కడమే కుదరదు.

వాడు మాట్లాళ్ళేదు. టీ గ్లాసు తిప్పుతూ కూచున్నాడు.

"సరేరా, నీ సినిమాలోనే అడుగుతాను. జెస్సీ గుర్తున్నాడా?"

వాడికి గుర్తుండకపోవడమేమిటి! ఆ కథలో జెస్సీ తెల్ల జెట్టాని పందెం ఒడ్డుతాడు. జెట్టా ముందు చక్రాల కారు. ఎదుటివాడిది హోండా ఎస్2000, వెనక చక్రాల కారు. ఓడిపోతాడు. ఓడిపోయిన కారు వాడిది కూడా కాదు...

"వాళ్ళ నాన్నది" అన్నాడు మావాడు నెమ్మదిగా.

కాసేపాగి మళ్ళీ వాడే అన్నాడు. "మావయ్యా, నేను పందెం కాయాలనుకోలేదు. నాన్న కారుని ఎవరూ ముసలిబండి అనకూడదని. అది నిలబడి గెలిస్తే చూడాలని."

ఏం చెప్పను? అక్కయ్య దీన్ని కొయ్యడమనుకుంటోంది. వాడు బతికించడమనుకుంటున్నాడు. ఇద్దరిదీ ప్రేమేనండీ. అందుకే ఉన్న మాట చెప్పాను. "గెలిచేది జిప్సీ ఇంజనూ, గొట్టాల పంజరమూ రా. మీ నాన్న తొక్కిన క్లచ్చుండదు, పెట్టెలు మోసిన ఫ్లోరుండదు. మొహమొక్కటే మిగులుతుంది. మొహమొక్కటే కావాలంటే ఏ మారుతీ అయినా ఒకటే కదా!"

వాడు జవాబు చెప్పకుండా లేచి మేస్త్రిగారి దగ్గరికెళ్ళాడు. పావుగంట తర్వాత ఇద్దరూ కలిసి షెడ్డు వెనక్కి నడిచారు. అక్కడ ఇంజన్ లేని పాత 800 డొక్కొకటి పడుంది. కింద ఫ్లోరంతా తుప్పు, టాపు మాత్రం చెక్కుచెదరలేదు. ఫ్లోరు ఎలాగూ కోసేసేదే కదా! తూకం లెక్కన బేరం కుదిరింది.

రెండేళ్ళు పడుతుందంటున్నాడు మావాడు. ముందు పంజరం, తర్వాతే ఇంజన్ అని మేస్త్రిగారు షరతు పెట్టారు. నడపడం మటుకు అనుమతీ అంబులెన్సూ ఉన్న ట్రాకు మీదేనని మా అక్కయ్య తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నాను. సినిమా ఒట్టు కాదండోయ్, నిజం ఒట్టే!

ఆ సాయంత్రం మా ముగ్గురం ఫస్ట్ షోకి వెళ్ళాం. ఏ కారులోనో చెప్పక్కర్లేదు. వెనక సీట్లో నేను కూచున్నాను. బెంజి సర్కిల్ దగ్గర పచ్చదీపం పడగానే పక్కనున్న మోటార్ సైకిల్ కుర్రాడు రయ్యిమని దూకాడు. మావాడు మటుకు వాళ్ళ నాన్నలాగే నింపాదిగా క్లచ్ వదిలాడు.

పిక్చరెలా ఉందంటారా? అది వచ్చేవారం!