పట్టా గురించి అడిగాం, నిద్ర గురించి అడగలేదు

కోట మండలంలో ఏ గిరిజన కాలనీకి పోయినా ఇలాంటి తమ్ముడు ఒకడు ఉంటాడు. మీకూ తెలిసే ఉంటాడు. ఇంట్లో ఇంటర్ దాటిన మొదటివాడు. గూడూరో విద్యానగరో కాలేజీకి పోయి, రెండో ఏడాది సగంలో తిరిగొచ్చేశాడు. అడిగితే "ఏం లేదన్నా, బాగుండలా" అంటాడు. పగలు ముసుగు తన్ని పడుకుంటాడు, రాత్రంతా ఫోను చూస్తాడు. కొన్నాళ్లకు రొయ్యల గుంటల కాడ కాపలాకు పోతాడు. వాడికి చదువు అబ్బలేదని కాలనీ తేల్చేస్తుంది.

మనమూ అంతే తేల్చాం. ఆధార్ కోసం, కుల సర్టిఫికెట్ కోసం, ఇళ్ల పట్టాల కోసం ఆ పిల్లోణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పాం. ధర్నాలో ముందు వరసలో నిలబెట్టాం. "రాత్రిళ్లు నిద్ర పడతా ఉందా?" అని ఒక్కరోజు కూడా అడగలేదు. కడుపు సంగతి తేలాక మనసు సంగతి చూద్దాంలే అనుకున్నాం. అది మన తప్పే.

హాస్టల్లో వాడికి ఏం జరిగిందో ఊహించడం కష్టమా? "మీరు ఎలకలు తింటారంట గదా" అనే నవ్వు. ఎవరి డబ్బు పోయినా ముందు వాడి పెట్టె వెతకడం. యానాదుల్లో కొందరిని బ్రిటిష్ వాళ్లు నేరస్త జాతుల చట్టం కింద పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది, ఆ చూపు మాత్రం పోలేదు. ఏళ్ల తరబడి ఆ చూపు కింద బతికినవాడు చివరికి తనను తానే అట్లా చూసుకోవడం మొదలుపెడతాడు.

థెరపీ అంటే పిచ్చాసుపత్రి, కరెంటు షాకు అనుకోవద్దు. ఎక్కువభాగం అది మాటే. వారానికోసారి, ముప్పావుగంట, చెప్పింది బయటికి పోదన్న భరోసాతో. దిగులు పట్టినవాడు పనులు మానేస్తాడు. మానేసేకొద్దీ దిగులు ఇంకా ముదురుతుంది. కౌన్సిలర్ ఆ ముడిని ఒక్కో పోగు విప్పుతాడు. ఈ వారం ఒక పొద్దున వల తీసుకుని కాలవకు పో, వచ్చాక ఎట్లా అనిపించిందో చెప్పు అంటాడు. కొందరికి మాత్రలు కూడా కావాలి, అవి డాక్టరు రాస్తాడు.

ఇదంతా పట్నం సంగతి, ఇంగ్లీషు వాళ్ల సంగతి అనేవాళ్లకు రెండు మాటలు. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడించారు. తీవ్రమైన డిప్రెషన్ కూడా తగ్గిందని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మన రాష్ట్రంలోనే, పశ్చిమ గోదావరి జిల్లా 30 ఆదివాసీ గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ పోయి మనసు సంగతి అడిగారు. అంతకుముందు వైద్యం గడప తొక్కనివాళ్లు చాలామంది వైద్యానికి వచ్చారు. ఇంటికొచ్చి అడిగితే ఆదివాసీలు చెప్పుకుంటారు. ఇక్కడ అడిగేవాళ్లు లేకనే.

"అప్పు తీరకుండా మాటలతో ఏం తీరుద్ది?" అని ఒక పెద్దాయన మీటింగులో గట్టిగానే అడిగాడు. నిజమే. గుంటల యజమాని ఇచ్చిన అడ్వాన్సుకు ఇల్లంతా కట్టుబడి ఉంటే, అక్కడ కావలసింది 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద కేసు. సర్దుకుపొమ్మని చెప్పే కౌన్సిలర్ మనకొద్దు. కానీ పెద్దాయనా, ఆ కేసు పెట్టడానికి పిల్లోడు మంచం దిగి రావాలి గదా!

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో ఈ వైద్యం పొందడం మన హక్కు. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని, శిక్షించకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. కాబట్టి పోలీసు కేసవుద్దని దాచిపెట్టొద్దు. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలొద్దు, ఆ మాటే సూటిగా అడగండి, ఆసుపత్రికి తోడు పొండి. 14416కు చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒంటిగది ఇంట్లో నలుగురి మధ్య మాట్లాడలేకపోతే చెరువు కట్ట మీదికి పోయి మాట్లాడండి.

ఫోను ఒక్కటే చాలదు. మానసిక వైద్య బృందం కోట ఆసుపత్రికి ఏ రోజు వస్తుందో గోడ మీద రాయాలి, ఆ రోజు రావాలి. మన పిల్లల్లో చదువుకున్నవాళ్లకు కౌన్సిలింగ్ శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి కాలనీల్లో పెట్టాలి. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కు పోయేటప్పుడు పట్టాల అర్జీ పక్కనే ఈ అర్జీ కూడా పెట్టండి. పోయే దారిలో ఆ తమ్ముడి ఇంటి ముందు ఆగండి.