కువైట్ మన వతన్ కాదు, భాయీ

"ముస్లిం ముల్క్ కదా, ఎప్పటికైనా మనవాళ్లని కలుపుకుంటుంది." తనకల్లులో, కదిరిలో, రాయచోటిలో ఏ షాదీ దావత్‌లో కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. నేను ఒప్పుకోను. బిర్యానీ చల్లారిపోయినా సరే, బహస్ చేస్తాను.

ఉర్దూ బడిలో జుగ్రాఫియా చెప్పిన ఉస్తాద్ ఆబాదీ అంటే పుట్టుకలు, మౌత్‌లు అన్నారు. మూడోది ఒకటుంది: వీసా. కువైట్‌నే చూడండి. 1957 మర్దుంషుమారీలో 2 లక్షల చిల్లర మంది. ఇప్పుడు దాదాపు 50 లక్షలు. అందులో కువైటీలు 15 లక్షలే, మన హిందుస్తానీలు సుమారు 10 లక్షలు. ఆ ఆబాదీలో ఎక్కువ భాగం కన్నది కాదు, పిలిపించుకున్నది. పిలిచినవాళ్లే పంపించేయగలరు కూడా.

పంపించారు. 1990కి ముందు అక్కడ సుమారు 4 లక్షల మంది ఫలస్తీనీలు ఉండేవాళ్లు. అరబ్బులే, ఎక్కువ మంది ముసల్మానులే, జుబాన్ కూడా అదే. జంగ్ వచ్చింది, వాళ్ల లీడర్లు సద్దామ్ పక్షం పట్టారు. రెండేళ్లు తిరిగేసరికి కొన్ని పదుల వేల మందే మిగిలారు. వాళ్లకే లేని జాగా తనకల్లు డ్రైవర్‌కి దొరుకుతుందా?

కొత్తగా పౌరసత్వం పొందేవాడు ముసల్మాను అయి ఉండాలని అక్కడి ఖానూన్‌లో 1982 నుంచి ఉంది. దీన్ని చూపించి ఆశపడతారు కొందరు. షరతు వేరు, హక్ వేరు సాహెబ్! 2024 నుంచి ఇచ్చిన పౌరసత్వాన్నే వేల మంది దగ్గర వాపస్ తీసుకుంటున్నారు, కువైటీలను నికాహ్ చేసుకున్న ఆడవాళ్ల దగ్గర కూడా. 2020లోనే అప్పటి ప్రధాని పరదేశీల వాటా 70 శాతం నుంచి 30కి దిగాలన్నారు.

బీవీ పిల్లల్ని రప్పించుకోవాలంటే 800 దీనార్ల జీతం ఉండాలని 2024 జనవరిలో షరతు పెట్టారు. ఇంటి డ్రైవర్‌కి అందులో నాలుగో వంతు వస్తే షుక్ర్. ఖద్దామాగా 20 నంబర్ వీసా మీద వెళ్లిన మన బెహెన్‌లకు ఆ దర్వాజానే లేదు. జవానీ వాళ్లకి, బచ్‌పన్, బుఢాపా మనకి. పురుడు ఖర్చు, బడి ఖర్చు, చివరికి మోకాళ్ల నొప్పుల మందుల ఖర్చు, అన్నీ ఈ మండలం మీదే.

ఇక్కడ హుకూమత్ ఏమో పిల్లల్ని ఎక్కువ కనమంటోంది. ఉన్న పిల్లలు ఎక్కడ బతకాలో చెప్పదు. 2027 మర్దుంషుమారీలో కువైట్‌లో ఉన్న మనవాళ్లు ఇంటి లెక్కలో పడరు. అక్కడేమో పరదేశీలు. వాపస్ వచ్చినవాళ్ల పేర్లు, వయసు, బీమారీ రాసే రిజిస్టర్ మండల ఆఫీసులో పెట్టమని, యాభై దాటినవాళ్లకి పెన్షన్ ఇవ్వమని అడుగుదాం.

ఈలోగా అమ్మాయికి గల్ఫ్ రిష్తా వస్తే జీతం ఒక్కటే అడక్కండి. వీసా 18దా, 20దా, అమ్మాయిని తీసుకెళ్లే ఇజాజత్ ఉందా అని మంగ్నీకి ముందే అడగండి.