పోలిక లేని ప్రేమ!

ముఖం చందమామ... కళ్లు కలువరేకులు... పెదాలు దొండపండ్లు... నడకేమో హంసనడక! ప్రేమకవిత్వం అనగానే మనకు ఠక్కున గుర్తొచ్చే పోలికలివి. మరి ఓ కవి తన ప్రియురాలి గురించి రాస్తూ ఇలాంటివేవీ ఆమెకు కుదరవని తేల్చేస్తే? అదీ ఒకటీ రెండూ కాదు, ఏకంగా పన్నెండు పాదాలపాటు! అది పొగడ్తా, తిట్టా?

షేక్‌స్పియర్‌ 130వ సానెట్‌ను మొదటిసారి చదివినవాళ్లకు వచ్చే అనుమానం ఇదే. 1609లో అచ్చయిన ఆయన సానెట్ల సంపుటిలో మొత్తం 154 ఉన్నాయి. వాటిలో 127 నుంచి 152 వరకూ నల్లని కురులూ నల్లని కళ్లూ ఉన్న ఓ స్త్రీ చుట్టూ తిరుగుతాయి. విమర్శకులు ఆమెకు పెట్టుకున్న పేరు 'డార్క్‌ లేడీ'.

అందరిదీ ఒకే అచ్చు

సానెట్‌ అంటే పధ్నాలుగు పాదాల పద్యం. పుట్టిల్లు ఇటలీ. 14వ శతాబ్దంలో పెట్రార్క్‌ అనే కవి 'లారా' మీద ప్రేమతో మూడొందల దాకా సానెట్లు రాశాడు. 16వ శతాబ్దంలో థామస్‌ వయట్‌, సర్రే ప్రభువు ఈ ప్రక్రియను ఇంగ్లిషులోకి తెచ్చారు. 1590ల నాటికి ఇంగ్లండులో అదో వెల్లువ. బంగారు జుట్టు, మంచులాంటి మేను, పగడాల పెదాలు, గులాబీ బుగ్గలు... ఏ కవి ప్రేయసిని చూసినా ఒకే అచ్చులో పోసిన బొమ్మే!

షేక్‌స్పియర్‌ సరిగ్గా ఆ జాబితానే చేతిలోకి తీసుకుని ఒక్కో పోలికనూ కొట్టేస్తూ వచ్చాడు. ఆమె కళ్లలో సూర్యుడి వెలుగు లేదట. పెదాల కంటే పగడమే ఎరుపట. బుగ్గల మీద గులాబీలూ కనిపించలేదట.

మాట మారితే అర్థం తారుమారు

ఈ కవితను అపార్థం చేసుకోవడానికి మరో కారణం నాలుగొందల ఏళ్లలో మాటలు మారిపోవడం. ఆమె జుట్టును 'వైర్లు' అన్నాడనగానే మనకు కరెంటు తీగలు గుర్తొస్తాయి. అప్పట్లో నగలకూ తలపాపిట అలంకారాలకూ వాడే సన్నని బంగారు తీగ ఆ మాటతో కళ్లముందు మెదిలేది. బంగారు జుట్టును కవులు దాంతోనే పోల్చేవారు. ఈమె తీగలు మాత్రం నల్లనివి!

ఊపిరి గురించి చెప్పేటప్పుడు వాడిన 'రీక్‌' అన్న మాటను ఇప్పుడు కంపు కొట్టడమనే అర్థంలో వాడతాం. అప్పుడు పొగలా, ఆవిరిలా వెలువడటమన్నది దాని మామూలు అర్థం. పొగచూరిన ఎడిన్‌బరో నగరానికి 'ఆల్డ్‌ రీకీ' అన్న ముద్దుపేరు వచ్చిందీ అందుకే. ఇక, 'మిస్ట్రెస్‌' అంటే ఆ రోజుల్లో మనసును ఏలే ప్రియురాలు. ఇప్పుడు వినిపించే చెడ్డ అర్థం అక్కడ లేదు.

అసలు గుట్టు చివర్లో

జాగ్రత్తగా చదివితే కవి మనసు మధ్యలోనే బయటపడిపోతుంది. ఆమె మాటలు వినడం తనకెంతో ఇష్టమంటాడు. ఆ వెంటనే, సంగీతం అంతకంటే తియ్యగా ఉంటుందనీ ఒప్పుకొంటాడు. దేవతలు ఎలా నడుస్తారో తానెప్పుడూ చూడలేదనీ, తన ప్రియురాలు మాత్రం నేల మీదే నడుస్తుందనీ చెబుతాడు. అబద్ధం ఆడకూడదని ఒట్టు పెట్టుకున్నవాడి తీరు అది.

మొదటి పన్నెండు పాదాల్లో అంత్యప్రాస పాదం విడిచి పాదానికి కుదురుతుంది. చివరి రెండూ మాత్రం జంటగా ప్రాస కలుపుకొంటాయి. కవిత మలుపు తిరిగేదీ అక్కడే. దొంగ పోలికలతో కవులు ఆకాశానికెత్తేసిన ఏ స్త్రీకీ తన ప్రియురాలు తీసిపోదని తేల్చేస్తాడు. ఇక్కడ 'షి' అన్న చిన్న మాట దగ్గర చాలామంది తడబడతారు. దాన్ని 'ఆమె' అని కాకుండా 'స్త్రీ' అని చదువుకుంటే చిక్కు విడిపోతుంది.

అంటే, వెక్కిరింత ఆమె మీద కాదు... అరువు తెచ్చుకున్న ఉపమానాల మీద. తెల్లని మేనే అందమనుకునే కాలంలో మట్టిరంగు మేనినీ నల్లని కురులనూ ఉన్నదున్నట్టు చెప్పి మరీ ప్రేమించాడా కవి.

'తెల్లని, అందమైన వధువు కావలెను' అన్న పెళ్లి ప్రకటనలు మనకు కొత్తేమీ కాదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి రంగును పక్కింటి అమ్మాయి రంగుతో పోల్చే పెద్దలూ ఉన్నారు. అలాంటి ఇళ్లలో ఈ పధ్నాలుగు పాదాలూ ఒకసారి పైకి చదవాలి. చందమామలా లేకపోయినా ఫరవాలేదు, నువ్వు నువ్వులా ఉన్నందుకే ఇష్టం అనిపించుకోవడం కంటే పెద్ద పొగడ్త ఏ అమ్మాయికైనా ఏముంటుంది?