పులుల లెక్క సరే, వాటి దారుల లెక్కేది?

2019లో మహారాష్ట్రలోని టిపేశ్వర్ అభయారణ్యం నుంచి ఒక కుర్ర మగపులి బయలుదేరింది. మెడలో రేడియో కాలర్ ఉండటంతో అది తిరిగిన దారంతా నమోదైంది. పొలాలు, రోడ్లు దాటి, మధ్యలో తెలంగాణలోనూ అడుగుపెట్టి, ఐదు నెలల్లో దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచి బుల్ఢానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. అది వెతుక్కుంటున్నది సొంత ఇలాకాను, ఒక తోడును.

ఇలాంటి ప్రయాణాల మీదే పులుల భవిష్యత్తు ఆధారపడి ఉంది. ముక్కలైన ఆవాసాల్లో ఒక జాతి ఎలా నిలుస్తుందో వివరిస్తూ అమెరికా జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ 1969లో ఒక గణిత నమూనా రూపొందించారు. ఒక ముక్కలో జంతువులు అంతరించినా, పక్క ముక్క నుంచి వచ్చేవి దాన్ని మళ్లీ నింపితే జాతి మొత్తంగా బతుకుతుంది. ఇలా రాకపోకలతో ముడిపడిన చిన్న గుంపుల సముదాయాన్నే మెటాపాపులేషన్ అంటారు.

కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులు చూసినవారికి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. మధ్యలో కాలువ పూడిపోతే రెండు చెరువులూ మ్యాపులో అలాగే ఉంటాయి. కింది ఆయకట్టు మాత్రం ఎండిపోతుంది.

రాజస్థాన్‌లోని సరిస్కాలో వేటగాళ్ల వల్ల 2005 నాటికి పులి అన్నదే లేకుండా పోయింది. ఆ ఖాళీని నింపడానికి 2008లో రణథంబోర్ నుంచి పులులను హెలికాప్టర్‌లో తేవాల్సి వచ్చింది. ఒడిశాలోని సిమిలిపాల్‌ది మరో రకం సమస్య. అక్కడి పులుల్లో చాలావాటికి చారలు కలిసిపోయి ఒళ్లు నల్లగా కనిపిస్తుంది. దీనికి ఒక జన్యు మార్పు కారణమని, బయటి పులులతో సంబంధం లేని చిన్న గుంపు కావడం వల్లే అది అంతగా వ్యాపించిందని బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం పరిశోధకులు 2021లో తేల్చారు. 2024లో ఆ అడవికి తడోబా నుంచి రెండు ఆడపులులను తరలించారు.

2022 గణన ప్రకారం దేశంలో పులుల సగటు అంచనా 3,682. సంతోషించాల్సిందే. అయితే వీటిలో ఎన్ని ఒకదాన్నొకటి చేరుకోగలవో ఈ ఒక్క అంకె చెప్పదు. దేశంలో 32 ప్రధాన కారిడార్లను 2014లోనే గుర్తించారు. వాటిలో ఏది తెరిచి ఉంది, ఏది మూసుకుపోతోంది అన్న లెక్క కూడా పులుల అంకెతో పాటే, అంతే ప్రముఖంగా ప్రజల ముందుకు రావాలి.

దారి కాపాడటం అసాధ్యమేమీ కాదు. పెంచ్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిని జంతువుల కోసం కొన్నిచోట్ల ఎత్తు పెంచి కట్టారు. పైన లారీలు వెళ్తుంటే కింద పులులు దాటడం కెమెరాలకు చిక్కింది.

అసలు చిక్కు మనుషులు బతికే దారులతోనే. తడోబా పులులు కాగజ్‌నగర్ అడవుల దాకా వస్తున్నాయి, పిల్లల్నీ పెట్టాయి. కవ్వాల్ కోర్‌లో మాత్రం నిలవడం లేదు. ఈ రెంటినీ కలిపే అడవిని తెలంగాణ ప్రభుత్వం 2025 మేలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. ఆదివాసులు నిరసన తెలపడంతో జులైలో ఆ జీవోను నిలిపేసింది. వారి భయాన్ని కొట్టిపారేయలేం. 2020లోనూ 2024లోనూ అదే ప్రాంతంలో పులి దాడుల్లో మనుషులు చనిపోయారు. పోడు భూమి పోతుందన్న బెంగ దానికి తోడు.

కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతోంది. ఆ సంప్రదింపులు గ్రామసభలో, వారి భాషలో జరగాలి. పశువు చనిపోతే పరిహారం వారాల్లో అందాలి, భూమి హక్కుల మీద రాతపూర్వక హామీ ఉండాలి. ఇవి పులి మీద దయతో చేసే అదనపు పనులు కావు, కారిడార్ నిర్మాణంలో భాగమే. ఊరు ఒప్పుకోని దారి కాగితం మీదే మిగులుతుంది.

కాలువ సాగే పొడవునా ఊళ్లే ఉంటాయి. దాన్ని పూడ్చకుండా కాపాడాల్సిందీ ఆ ఊళ్లే.