తలుపు తెరిచి ఉన్నా అనుమతి తప్పదు

మన మాటలు, మన ఇంటి వేడుకలు సామాజిక మాధ్యమాల్లో అందరితో పంచుకోవడం మంచిదా, గుట్టుగా ఉంచుకోవడం మంచిదా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్ రెండో విడత దేశాన్ని కుదిపివేసినప్పుడు ఆక్సిజన్ కోసం, ఆసుపత్రిలో పడక కోసం ఎందరో తమ ఫోన్ నంబర్లు బహిరంగంగా పెట్టారు. ముక్కూ మొహం తెలియనివారు, మతం అడగకుండా ఆదుకున్నారు. కష్టం బయటికి చెప్పుకోకపోతే ఆ సాయం అందేది కాదు.

అదే ఏడాది జూలైలో దీని చేదు కూడా చవిచూశాం. 'సుల్లీ డీల్స్' పేరిట, ఆ తర్వాత 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరిట దుండగులు ముస్లిం మహిళల ఫోటోలను ఇంటర్నెట్ నుంచి తీసుకుని, వారిని వేలం వేస్తున్నట్లుగా యాప్‌లలో ప్రదర్శించారు. బాధితుల్లో పాత్రికేయులు, సామాజిక కార్యకర్తలు ఉన్నారు. పోలీసులు నిందితులను అరెస్టు చేశారు. కానీ "అసలు ఫోటోలు పెట్టడం దేనికి?" అని బాధితులనే నిలదీసే ధోరణి మనలోనూ ఉంది.

ఈ నిలదీత ధర్మసమ్మతమేనా? అనుమతి తీసుకోకుండా, సలాం చెప్పకుండా ఇతరుల ఇళ్లలోకి ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా విశ్వాసులను ఆదేశించింది. గమనించండి, ఆ ఆజ్ఞ వచ్చేవారికి. గడియ వేసుకోలేదని ఇంటివారిని తప్పుపట్టలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గస్తీ తిరుగుతూ, గోడ దాటి ఒక ఇంట్లో జరుగుతున్న తప్పును పట్టుకున్నారని గ్రంథాల్లో ఉంది. తాను చేసింది ఒక తప్పయితే, ఆరా తీయడం, తలుపు గుండా రాకపోవడం, అనుమతి అడగకపోవడం అనే మూడు తప్పులు ఖలీఫా చేశారని ఆ గృహస్థుడు గుర్తుచేశాడు. ఖలీఫా అతణ్ణి వదిలి వెళ్లిపోయారు. ఖలీఫాకే లేని హక్కు చేతిలో సెల్‌ఫోన్ ఉన్నంతమాత్రాన మనకెలా వస్తుంది?

దేశ చట్టం కూడా ఈ హక్కును గుర్తించింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. అయితే ఎవరైనా తమంతట తాము బహిరంగపరచిన సమాచారానికి ఆ చట్టం వర్తించదు. వేధించినవారిని శిక్షించే చట్టాలు వేరే ఉన్నా, అవి పనిచేసేది నేరం జరిగాకే. కాబట్టి మన ఖాతా ఎవరికి కనిపించాలో మనమే నిర్ణయించుకోవడం వివేకం. పెట్టేవారికి ఈ వివేకం అవసరమే. అంతమాత్రాన చూసేవారి బాధ్యత తీరిపోదు.

ఒక వ్యక్తి మాట చెబుతూ అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అని దైవప్రవక్త (స) బోధించారు. ఎవరికీ చెప్పవద్దని అతను నోరు తెరిచి అడగనక్కరలేదు. మరి కుటుంబ గ్రూపులో వచ్చిన ఆడబిడ్డ ఫోటోను, రోగి వైద్య రిపోర్టును అడక్కుండా ఇంకో గ్రూపుకు పంపడం అమానత్‌లో ఖియానత్ కాదా?

దానం విషయంలో బఖరా సూరా చక్కని దారి చూపింది. బహిరంగంగా ఇచ్చినా మంచిదే, పేదలకు గుట్టుగా ఇస్తే మరింత మేలు. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచే కమిటీలు ఎంత వసూలైందో, ఎంతమందికి ఇచ్చారో పైసాతో సహా లెక్క బయటపెట్టాలి. అక్కడ దాపరికం పనికిరాదు. కానీ కిట్టు అందుకునే వితంతువు ముఖాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టే అధికారం వారికి లేదు. లెక్క ప్రజలది, ముఖం ఆమెది.

ఆడపిల్లల ఖాతాలు మూయించి, వారి గొంతు నొక్కడం పరిష్కారం కాదు. అడగనిదే ఇతరుల గడప దాటరాదని మన మగపిల్లలకు నేర్పడం ముందుగా జరగాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక!