వినతిపత్రంపై నేను సంతకం చేయలేదు



గత మాసంలో ఒక సాయంకాలం ప్రదోషపూజ ముగిసిన తరువాత, నలుగురు భక్తులు ఒక వినతిపత్రం తీసుకొని ముఖమంటపంలోకి వచ్చినారు. తమ గ్రామంలోకి క్రైస్తవ సువార్తికులను రానీయరాదని అందులోని కోరిక. “అయ్యగారూ, మొదటి సంతకం మీది ఉంటే దానికి ధర్మబలం వస్తుంది” అన్నారు. నేను చేయలేదు. ఆనాడు వారికి చెప్పిన కారణాలనే ఇక్కడ కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

సువార్తికుల సిద్ధాంతంతో నాకు సంధి లేదు. రక్షకుడు ఒక్కడే, మార్గం ఒక్కటే, తక్కిన ఉపాసనలన్నీ అంధకారమనే ఏకమార్గవాదాన్ని వేదాంతి అంగీకరించలేడు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మన సీమకు వచ్చినది 19వ శతాబ్దపు చివరి దశలో. అంతకు పూర్వం మంజీర ఒడ్డున పుట్టి, ఏడుపాయల వనదుర్గమ్మకు బోనమెత్తి, ఆ సువార్త ఒక్కసారి కూడా చెవిన పడకుండానే కాలం చేసిన అవ్వ గతి ఏమి? పుట్టిన దేశకాలాలను బట్టి ముక్తి నిర్ణయమయ్యేటట్లయితే ఈశ్వరునికి పక్షపాతదోషం అంటుతుంది. ఈ ప్రశ్న విషయంలో క్రైస్తవ పండితులలోనే ఏకాభిప్రాయం లేదు. కొందరు ఉదారంగానే ఆలోచించినారు. అయితే వీథిలో మైకు పట్టినవాని నోట గాని, ఇప్పుడు సెల్‌ఫోన్‌కు వచ్చే ప్రసంగాలలో గాని ఆ ఔదార్యం నాకు వినబడలేదు. మా అమ్మవారిని సైతాను అన్నవానికి నేను శాస్త్రంతోనే ప్రత్యుత్తరమిస్తాను, ఇస్తూనే ఉన్నాను.

మనకు ఉత్తరం కలదు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో వైషమ్య నైర్ఘృణ్య విచారమున్నది. ఒకనికి సుఖాన్ని, మరొకనికి దుఃఖాన్ని ఇచ్చే ఈశ్వరుడు పక్షపాతి, నిర్దయుడు కాడా అని ఆక్షేపం. జీవుల కర్మను అపేక్షించియే ఆయన సృష్టి చేస్తాడని సమాధానం. శంకర భగవత్పాదులు ఇక్కడ వర్షాన్ని దృష్టాంతంగా చూపినారు: వాన అన్ని పైరులకూ ఒక్కటే, భేదం బీజంలోనిది.

ఇంతవరకు వాదంలో జయం మనదే. ఇక్కడనుండి నా గొంతు తగ్గుతుంది. ఈశ్వరునిపై పడిన నిందను తొలగించే ఈ సిద్ధాంతాన్ని మనం మన నిర్దయకు కవచంగా తొడుగుకున్నాము. ఆకలితో వాకిట నిలిచినవానిని చూసి “వాని ప్రారబ్ధం” అన్నాము. సూత్రకారుడు ఆ మాట జగత్కర్త విషయంలో చెప్పినాడు, గృహస్థునికి చెప్పలేదు. గృహస్థునికి విధించినది మనుష్యయజ్ఞం. పంచమహాయజ్ఞాలను నిత్యం వల్లించే మనకు అది తెలియనిది కాదు.

మా పట్టణంలోని మహాదేవాలయం, అనగా చర్చి, ఈ విషయంలో రాతిలో నిలిచిన సాక్ష్యం. దాదాపు 175 అడుగుల శిఖరం ఏ దిక్కునుండి వచ్చేవారికైనా ముందే కనబడుతుంది. 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. మొన్న 2024లో శతాబ్ది జరుపుకున్నారు. కరవుకాలంలో పాస్నెట్ ఆ నిర్మాణంలో పని కల్పించి కూలిగా అన్నం పెట్టినాడని ప్రసిద్ధి. మా పెద్దలు కూడా ఆ మాటే చెప్పేవారు, కొంత ఎత్తిపొడుపుగా, “గింజలకు మతం మారినారు” అని. చిన్ననాడు నేనూ అట్లే అన్నాను. ఆ గింజలు మనమెందుకు పెట్టలేదని అడగడానికి నాకు చాలా ఏండ్లు పట్టినది. రాళ్ళు మోసినవారిలో ఎందరు మన ఆలయాల ప్రాకారం దాటి లోపలికి రాగలిగినవారు? అన్నం పెట్టినవాని మాట వినడం మానవస్వభావం. దానిని ప్రలోభమని నిందించే అర్హత, అన్నం పెట్టి కూడా ఓడిపోయినవానికి మాత్రమే ఉంటుంది.

సువార్త చాటడం తప్పు కాదని మన ఆచార్యులే చూపినారు. తిరుక్కోట్టియూరులో గురువు రహస్యంగా ఉపదేశించిన మంత్రార్థాన్ని రామానుజులు అందరికీ చాటినారని, గురుద్రోహం వలన తనకు నరకం వచ్చినా సరే, విన్నవారు తరిస్తే చాలునన్నారని సంప్రదాయం. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజాన మోసి శ్రీరంగనాథుని సన్నిధికి తెచ్చిన కథను మనం వందల ఏండ్లు పురాణంగా విన్నాము. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు అర్చకులు రంగరాజన్‌గారు హైదరాబాదు జియాగూడ రంగనాథాలయంలోకి ఒక దళిత భక్తుని భుజాలపై మోసుకొని వెళ్ళినప్పుడు, అదే కథ విని కన్నీరు పెట్టినవారిలో కొందరు ముఖం చిట్లించినారు. నాకు వారు తెలుసు.

వినతిపత్రం సంగతికి వస్తాను. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతప్రచారానికి స్వేచ్ఛ ఇచ్చినది. పరుని మతం మార్చడం హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బలాత్కారం, మోసం జరిగితే ఫిర్యాదు చేయవలసినదే, నేనే ముందు నడుస్తాను. ఇంటిముందుకు వచ్చి మాట్లాడేవానిని ఊరి పొలిమేరలో ఆపడం మాత్రం మన సిద్ధాంతంపై మనకే నమ్మకం లేదని చాటుకోవడమే. మారినవారిని తిరిగి రమ్మనేవారిని కూడా నేను అడుగుతుంటాను: ఏ వీథికి రమ్మంటున్నారు? ఏ బావి దగ్గరికి?

ఆ నలుగురికీ ఇదంతా చెప్పి, సంతకానికి బదులు ఒక మాట ఇచ్చినాను. వచ్చే ఏకాదశినాడు ఉత్సవమూర్తిని ఆ గ్రామంలోని దళితవాడకు వేంచేపు చేసి, అక్కడే తిరువారాధన చేసి, అక్కడ వండిన ప్రసాదాన్ని నేనూ స్వీకరిస్తాను, మీరూ నాతో కూర్చోండి అన్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకరు ఇంట్లో అడిగి చెబుతానన్నారు. నాలుగవవారు కాగితం మడిచి జేబులో పెట్టుకొని, తీర్థం తీసుకోకుండానే మెట్లు దిగిపోయినారు.